తెగులు తగిలే గంట: మొక్కల జీవగడియారం, రోగరక్షణ

ఆశ్వయుజ మాసం చివర, వానాకాలం వరి పొట్ట మీద ఉన్న రోజుల్లో, పాకాల ఆయకట్టులో గానీ కాకతీయ కాలువ కింది మడుల్లో గానీ తెల్లవారుజామున ఒక వరి ఆకును దగ్గరగా చూస్తే కొసన నీటి బొట్టు నిలిచి ఉంటుంది. చూసినవారు దాన్ని మంచు బొట్టే అనుకుంటారు కానీ అందులో చాలా భాగం మొక్క లోపలి నీరే. రాత్రి ఆకుల నుంచి నీరు ఆవిరి కావడం దాదాపు ఆగిపోయినప్పుడు, వేళ్లు పీల్చిన నీరు ఒత్తిడితో పైకెక్కి, ఆకు కొసలోనూ అంచుల్లోనూ ఉండే సన్నని నీటిరంధ్రాల గుండా బయటికి వచ్చి బొట్టు కడుతుంది. పొద్దెక్కిన తరువాత ఆ బొట్టు కొంత ఆరిపోతుంది, కొంత వచ్చిన దారినే ఆకులోకి ఇంకిపోతుంది. ఎండాకు తెగులును కలిగించే బాక్టీరియా వరిలోకి చేరే దారుల్లో గాయాలతో పాటు ఈ నీటిరంధ్రాలు కూడా ముఖ్యమైనవి. బొట్టులో ఈదుతున్న బాక్టీరియా, బొట్టు వెనక్కి ఇంకేటప్పుడు దానితో పాటే లోపలికి వెళ్తుంది.

మంచు బాగా కురిసిన రోజుల వెనుకే వరిలో అగ్గి తెగులు కనిపిస్తుందని ఉత్తర తెలంగాణ రైతుకు ఎవరూ చెప్పనవసరం లేదు. రాత్రి చల్లబడి, ఆకు మీది తడి పొద్దెక్కే దాకా ఆరకుండా ఉండే రోజులు ఆ తెగులుకు అనువైనవని నారుమడి నుంచి మెడవిరుపు దాకా అనుభవమే నేర్పుతుంది. ఆ తెగులును కలిగించే శిలీంధ్రపు సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లా దాన్ని వ్యాపింపజేసే సూక్ష్మకణాలు, ఎక్కువగా చీకటిలో, గాలిలో తేమ నిండిన వేళ విడుదలవుతాయి. తడి ఆకు మీద వాలిన బీజం కొన్ని గంటల్లో మొలకెత్తి, కొసన ఒక నల్లని బుడిపెను తయారు చేసుకుంటుంది. ఆ బుడిపె లోపల పెరిగే ఒత్తిడి వాతావరణ పీడనానికి సుమారు 80 రెట్లు ఉంటుంది. కారు టైరులోని గాలి ఒత్తిడితో పోల్చినా దాదాపు 40 రెట్లు. ఆ బలంతోనే అది ఆకు పైపొరను గుచ్చి లోపలికి దిగుతుంది. ఈ పని మొత్తానికి దానికి కావలసింది ఒక్క తడి రాత్రి.

ఇదంతా తెగులు పక్షాన నడిచే వేళల లెక్క, దీన్ని వ్యవసాయ శాస్త్రం చాలాకాలంగా గమనిస్తూనే ఉంది. మొక్క కూడా తన పక్షాన వేళల లెక్క పెట్టుకుంటుందని, దాని రక్షణ శక్తి రోజంతా ఒకే స్థాయిలో ఉండదని, దాడి జరిగే అవకాశం ఎక్కువగా ఉన్న గంటకు ముందే అది సిద్ధమవుతుందని ప్రయోగాలతో నిర్ధారణ అవుతూ వచ్చింది మాత్రం 2011 నుంచే. ఈ విషయం పైరు ఆరోగ్యం గురించిన ఆలోచనను మార్చగలిగినంత ముఖ్యమైనది, ఆ మేరకు చర్చకు రానిది కూడా.

మొక్కకు గడియారం ఉందనే మాట కొత్తది కాదు. ఊళ్లో చింతచెట్టు ఆకులు పొద్దుగూకే వేళకు ముడుచుకుంటాయి, తెల్లవారే వేళకు విచ్చుకుంటాయి. వెలుగు పోయింది కాబట్టి ముడుచుకున్నాయని అనుకోవడం సహజం. 1729లో ఫ్రాన్స్‌కు చెందిన ఖగోళ శాస్త్రవేత్త డి మెరాన్, తాకితే ముడుచుకునే అత్తిపత్తి వంటి మొక్కను వెలుగు సోకని చోట ఉంచి చూసినప్పుడు, చీకట్లో కూడా దాని ఆకులు పగటి వేళకు విచ్చుకొని రాత్రి వేళకు ముడుచుకుంటూనే ఉన్నాయి. 1832లో డి కండోల్ అనే వృక్షశాస్త్రవేత్త మరొక అడుగు ముందుకు వేశాడు. వెలుగు మారని పరిస్థితుల్లో అత్తిపత్తి ఆకుల లయ సరిగ్గా 24 గంటలకు కాక 22, 23 గంటలకు ఒకసారి తిరుగుతున్నదని గమనించాడు. బయటి నుంచి ఏ సంకేతమో అందుతూ ఉంటే ఆ లయ 24 గంటలే ఉండాలి. లేదు కాబట్టి గడియారం మొక్క లోపలే ఉంది. సూర్యోదయం రోజూ దాని ముల్లును సరిదిద్దుతుంది, అంతే.

ఆ గడియారం నిర్మాణం ఇరవయ్యో శతాబ్దం చివర బయటపడింది. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో సీసీఏ1, ఎల్‌హెచ్‌వై అనే రెండు జన్యువులు తెల్లవారే వేళకు అత్యధికంగా పనిచేస్తాయి. అవి తయారు చేసే ప్రోటీన్లు సాయంత్రపు జన్యువైన టాక్1ను అణచి ఉంచుతాయి. పగలు గడిచేకొద్దీ ఆ ప్రోటీన్లు తరిగిపోతాయి, టాక్1 పైకి లేస్తుంది, అది తిరిగి ఉదయపు జన్యువులను అణుస్తుంది. టాక్1 ఉదయపు జన్యువులను ప్రోత్సహిస్తుందని చాలాకాలం అనుకున్నారు. అది నిజానికి వాటిని నిరోధిస్తుందని 2012లో తేలింది. ఇవి కాక మరెన్నో జన్యువులు ఈ చక్రంలో ఉన్నాయి. ఈగల్లో ఇటువంటి గడియారాన్ని విప్పి చూపినందుకు 2017లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈగ గడియారపు భాగాలు వేరు, మొక్క గడియారపు భాగాలు వేరు, కానీ ఒకటి రెండోదాన్ని అణచడం, కొంత ఆలస్యంగా రెండోది మొదటిదాన్ని అణచడం అనే పద్ధతి ఒక్కటే. అరబిడాప్సిస్ జన్యువుల్లో దాదాపు మూడో వంతు ఈ గడియారాన్ని అనుసరించి రోజులో ఒక వేళకు పెరిగి మరో వేళకు తగ్గుతాయి. వాటిలో రోగరక్షణకు సంబంధించినవి చాలా ఉన్నాయన్నది ఇక్కడ అసలు విషయం.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో షిన్నియన్ డాంగ్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధన ఈ దారిలో పెద్ద మలుపు. అరబిడాప్సిస్‌కు వచ్చే ఒక బూజు తెగులు సూక్ష్మజీవి రాత్రి సిద్ధబీజాలను తయారు చేసుకొని తెల్లవారే వేళకు వాటిని గాలిలోకి వదులుతుంది. ఆ తెగులును ఎదుర్కొనే జన్యువుల్లో కొన్నింటిని ఆ బృందం గంట గంటకూ పరిశీలించినప్పుడు, రోగం అసలు సోకని మొక్కలో కూడా అవి ఒక లయలో నడుస్తున్నట్టు, తెల్లవారే వేళకు పైకి లేస్తున్నట్టు కనిపించింది. వాటిని నడిపేది సీసీఏ1. దాన్ని పోగొట్టిన మొక్కలు తెగులుకు సులభంగా లొంగాయి, దాన్ని అధికంగా పెంచిన మొక్కలు బాగా తట్టుకున్నాయి. మామూలు మొక్కలకే తెల్లవారినప్పుడు తెగులు అంటించి, మరికొన్నింటికి పొద్దుగూకినప్పుడు అంటించి పోల్చితే, సాయంత్రం అంటించిన వాటిలో రోగం ఎక్కువైంది. రోగకారకం అదే, మొక్క అదే, నేల అదే. తేడా గంటలోనే ఉంది.

ఈ ఫలితం బరువును ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. రోగరక్షణ అనగానే దాడి జరిగిన తరువాత మొక్క స్పందించడమే గుర్తుకు వస్తుంది. ఇక్కడ జరుగుతున్నది స్పందన కాదు, ముందస్తు ఏర్పాటు. నిన్న ఈ వేళకు బీజాలు వాలాయి, మొన్న వాలాయి, లక్షల ఏళ్లుగా వాలుతున్నాయి కాబట్టి ఇవాళ కూడా వాలవచ్చునన్న లెక్క జన్యువుల్లో స్థిరపడిపోయింది. వాసన లేదు, స్పర్శ లేదు, ఇంకా బీజమే రాలేదు. అయినా మొక్క లోపల పని మొదలైంది.

అదే 2011లో వెలువడిన మరొక అధ్యయనం బాక్టీరియాతో చేసినది. సూడోమోనాస్ సిరింజే అనే బాక్టీరియాను ఆకు లోపలికి నేరుగా ఎక్కించినప్పుడు, ఉదయపు వేళ మొక్క దాన్ని ఎక్కువగా అదుపు చేయగలిగింది. వెలుగును ఆపకుండా ఇచ్చినా ఈ తేడా నిలిచింది, గడియారం చెడిన మొక్కల్లో పోయింది. ఆకు లోపలికి నేరుగా ఎక్కించడానికి ఒక కారణం ఉంది. బాక్టీరియా మామూలుగా పత్రరంధ్రాల గుండా లోపలికి వెళ్తుంది, ఆ రంధ్రాలు తెరుచుకొనే వేళలను కూడా గడియారమే నడుపుతుంది. బాక్టీరియాను పసిగట్టిన మొక్క పత్రరంధ్రాలను మూసివేస్తుందని, బాక్టీరియా ఒక విషాన్ని వదిలి వాటిని తిరిగి తెరిపిస్తుందని 2006లో తెలిసింది. తలుపు దగ్గర జరిగే ఈ పోరాటాన్ని పక్కన పెట్టి చూసినా ఉదయపు బలం కనిపించింది కాబట్టి, గడియారం తలుపుకు మాత్రమే కాపలా కాయడం లేదని, ఇంటి లోపల కూడా దాని ఆజ్ఞ నడుస్తున్నదని అర్థమవుతుంది.

మొక్క వాడే ఆయుధాలకు కూడా వేళలు ఉన్నాయి. సజీవ కణజాలం మీద బతికే రోగకారకాలను ఎదుర్కోవడంలో, మొక్క తయారు చేసుకునే సంకేత రసాయనమైన సాలిసిలిక్ ఆమ్లానిది ముఖ్య పాత్ర. అరబిడాప్సిస్‌లో దాని సహజ స్థాయి రాత్రి పెరుగుతుంది. నమిలి తినే పురుగులను, కణాలను చంపి తినే శిలీంధ్రాలను ఎదుర్కోవడానికి జాస్మోనిక్ ఆమ్లం సంకేతాలు కావాలి. దాని స్థాయి పగటిపూట పెరుగుతుంది. ఈ రెండు మార్గాలూ చాలా సందర్భాల్లో ఒకదాన్ని మరొకటి అణుస్తాయి, అందువల్ల రెండింటినీ ఒకేసారి పూర్తి బలంతో నడపడం మొక్కకు కష్టం. పగలొకటి, రాత్రొకటి అని పంచుకోవడం ఆ చిక్కుకు ఒక పరిష్కారంలా కనిపిస్తుంది.

పురుగుల విషయంలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం 2012లో చేసిన ప్రయోగం చాలా స్పష్టమైనది. క్యాబేజీని తినే ఒక గొంగళి పురుగును, అరబిడాప్సిస్ మొక్కను వేరువేరుగా పెంచి, కొన్నింటికి ఒకే పగలు, ఒకే రాత్రి అలవాటు చేశారు. మరికొన్నింటికి పురుగు పగలు మొక్కకు రాత్రి అయ్యేలా తారుమారు చేశారు. తరువాత రెండింటినీ ఒకచోట చేర్చారు. గడియారాలు కలిసిన చోట మొక్క తక్కువ నష్టపోయింది, పురుగు సరిగా బరువు పెరగలేదు. గడియారాలు తారుమారైన చోట పురుగు ఆకును విపరీతంగా తినేసింది. పురుగు ఆకలి వేళను మొక్క గడియారం ముందే పట్టుకుంటున్నదనడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం కోరనవసరం లేదు. కోసిన క్యాబేజీలో కూడా ఈ లయను వెలుగు చీకట్లతో నిలపవచ్చునని అదే బృందం మరుసటి ఏడాది చూపింది. బజారుకు వచ్చిన కూరగాయ కూడా ఇంకా గంటలు లెక్కబెట్టుకోగలదన్నమాట.

గడియారం మొక్కకే పరిమితం కాదు. కణాలను చంపి తినే బొట్రైటిస్ శిలీంధ్రం సాయంత్రం సోకితే పెద్ద మచ్చలు, తెల్లవారినప్పుడు సోకితే చిన్న మచ్చలు ఏర్పడతాయి. దీన్ని రెండు పరిశోధక బృందాలు 2015లో రెండు వైపుల నుంచి చూశాయి. ఒక బృందం మొక్క వైపు చూసి, ఈ తేడాకు జాస్మోనిక్ ఆమ్లం సంకేతాల రోజువారీ లయ కారణమని తేల్చింది. చిలీ దేశానికి చెందిన రెండో బృందం శిలీంధ్రం వైపు చూసి, దానికి కూడా సొంత గడియారం ఉందని, ఆ గడియారాన్ని చెడగొడితే సాయంత్రపు ఉధృతి పోతుందని చూపింది. తెలంగాణ రైతుకు ఈ శిలీంధ్రం నేరుగా పరిచయం లేకపోవచ్చు కానీ, ముసురు పట్టినప్పుడు ఆముదం గెలలను కుళ్లబెట్టే బూజు తెగులు శిలీంధ్రం దీని దగ్గరి బంధువే. పోరాటంలో రెండు గడియారాలు ఉన్నప్పుడు, ఏ వేళ ఎవరిది పైచేయి అన్నది ఒక్క మొక్కను మాత్రమే చూసి చెప్పడం కుదరదు.

ఇంత మేలు ఉన్నప్పుడు మొక్క రోజంతా పూర్తి రక్షణలో ఎందుకు ఉండదు? రక్షణకు ఖర్చు ఉంది. పగలు తయారు చేసి దాచుకున్న పిండిపదార్థాన్ని మొక్క రాత్రంతా పొదుపుగా వాడుకుంటుంది. తెల్లవారేసరికి అది దాదాపు పూర్తిగా అయిపోయేలా, అయితే ముందే అయిపోకుండా, ఖర్చు వేగాన్ని గడియారం సాయంతో నిర్ణయించుకుంటుంది. ఎదుగుదలలో చాలా భాగం ఆ ఖర్చుతోనే సాగుతుంది. ఆ వేళ రక్షణకు శక్తిని మళ్లిస్తే ఎదుగుదల దెబ్బతింటుంది. రక్షణ స్థితి శాశ్వతంగా వెలిగి ఉన్న మొక్కలు గిడసబారి ఉండటం ప్రయోగశాలల్లో తరచూ కనిపించే దృశ్యమే. ఎన్‌పీఆర్1 అనే రక్షణ నియంత్రక ప్రోటీన్ ఉదయపు ఎల్‌హెచ్‌వైను, సాయంత్రపు టాక్1ను రెండింటినీ ప్రభావితం చేసి, సాలిసిలిక్ ఆమ్లం అలజడి సృష్టించినా గడియారం లయ తప్పకుండా నిలబెడుతుందని, రక్షణను ఉదయం వైపు మొగ్గేలా చేసి రాత్రి ఎదుగుదలను కాపాడుతుందని డాంగ్ బృందమే 2015లో వివరించింది. సంబంధం రెండు వైపులా ఉంది: గడియారం రక్షణను నడుపుతుంది, రోగం సోకినప్పుడు మొదలయ్యే రక్షణ సంకేతాలు గడియారం వేగాన్ని మారుస్తాయి.

గడియారాన్ని సరిదిద్దే సంకేతాలు వెలుగు, ఉష్ణోగ్రత మాత్రమే కావు. గాలిలోని తేమ రాత్రి పెరిగి పగలు తగ్గడం కూడా గడియారాన్ని బలపరుస్తుందని, అటువంటి హెచ్చుతగ్గుల్లో పెరిగిన మొక్కల రోగరక్షణ మెరుగుపడిందని 2018లో మరొక అధ్యయనం తెలిపింది. రాత్రి మంచు, మధ్యాహ్నం పొడిగాలి ఉండే వరంగల్, జగిత్యాల ప్రాంతాల శీతకాలం గుర్తుకు వస్తే ఈ విషయానికి ఉన్న విలువ తెలుస్తుంది. తెగులుకు తడిని ఇచ్చే రాత్రే, పగటి పొడితో కలిసి, మొక్క గడియారాన్ని కూడా సరిచేస్తూ ఉండవచ్చు. నాలుగైదు రోజులు ముసురు పట్టి తేమ రాత్రింబవళ్లు ఒకే తీరుగా ఉన్నప్పుడు తెగుళ్లు పెచ్చరిల్లడానికి ప్రధాన కారణం ఆరని తడే అయినా, తేమ లయ పోవడం వల్ల మొక్క కోల్పోయేదేమైనా ఉందా అన్నది పరీక్షించదగిన ప్రశ్న.

అరబిడాప్సిస్‌లో తేలినదంతా వరికి అక్షరాలా వర్తిస్తుందనుకోవడం పొరపాటు. వరిలో ఈ గడియారపు జన్యువులకు సమానమైనవి ఉన్నాయి, పొలంలో పెరిగే వరి ఆకుల్లో జన్యువుల పని రోజులోని వేళను, ఉష్ణోగ్రతను, పైరు వయసును బట్టి మారుతుందని జపాన్‌లో 2012లో సవివరంగా చూపారు. కానీ ఒక్కో తెగులుకు ఒక్కో వేళ ఉంటుంది. వరంగల్ ప్రాంతాన్ని తరతరాలుగా పీడించిన, వరి మొవ్వును ఉల్లికాడలా మార్చే ఉల్లికోడు పురుగు సంగతే చూస్తే, దాని ఈగ రాత్రిపూట తిరిగేది, దీపపు ఎరకు వచ్చేది. గుడ్డు నుంచి వచ్చిన పిల్లపురుగు ఆకుతొడిమ మీది తడిలో పాకుతూ మొవ్వు దాకా చేరాలి. తడి లేకపోతే దారిలోనే ఎండిపోతుంది. ఈ పురుగులో వరంగల్‌లో 4ఎం అనే రకం ఏర్పడటం వల్ల వేరే చోట తట్టుకున్న వంగడాలు ఇక్కడ లొంగిపోయాయి. అటువంటి పురుగుకు ఎదురు నిలిచే జన్యువులను వెదికేటప్పుడు, ఆ జన్యువులు రాత్రి ఏ గంటకు బలంగా పనిచేస్తున్నాయన్నది కూడా చూడవలసిన సంగతి.

వంగడాల తయారీకి, గడియారానికి మధ్య మరొక ముడి ఉంది. మనిషి తెలియకుండానే పంటల గడియారాలను మార్చుకుంటూ వచ్చాడు. పూత త్వరగా రావాలని, పగటి నిడివితో నిమిత్తం లేకుండా రావాలని ఎంపిక చేసినప్పుడల్లా, బార్లీ, గోధుమ వంటి పంటల్లో ఎంపికైనవి చాలావరకు గడియారానికి చెందిన జన్యువులే. సాగులోని టమాటా గడియారం దాని అడవి బంధువుల గడియారం కంటే నెమ్మదిగా నడుస్తుందని 2016లో తేలింది. పూత కోసం, కాలపరిమితి కోసం చేసిన మార్పు రక్షణ వేళను కూడా జరిపి ఉంటే, ఆ సంగతి మామూలు పరీక్షలో బయటపడదు.

మామూలు పరీక్ష ఎలా జరుగుతుందో చూస్తే ఈ మాట అర్థమవుతుంది. ఎండాకు తెగులును తట్టుకునే వరిని గుర్తించడానికి, కత్తెరను బాక్టీరియా కలిపిన నీటిలో ముంచి ఆకు కొసలను కత్తిరిస్తారు, సుమారు 14 రోజుల తరువాత కోసిన చోటి నుంచి కిందికి పాకిన ఎండిన మచ్చ పొడవును కొలుస్తారు. సాంబ మసూరికి మూడు నిరోధక జన్యువులను జోడించి హైదరాబాద్ శాస్త్రవేత్తలు రూపొందించిన మెరుగైన సాంబ మసూరి ఇటువంటి పరీక్షల నుంచే వచ్చింది. అంత బలమైన జన్యువులు ఉన్నప్పుడు గంట తేడా పెద్దగా కనిపించకపోవచ్చు. ఓ మోస్తరుగా తట్టుకునే వంగడాల మధ్య తేడా తేల్చవలసినప్పుడు మాత్రం, ఉదయం ఏడుకు కత్తిరించిన వరుసను సాయంత్రం అయిదుకు కత్తిరించిన వరుసతో పోల్చడం న్యాయం కాదు. పరీక్ష పుస్తకంలో తేదీ పక్కన గంట కూడా రాయడం దమ్మిడీ ఖర్చు లేని పని.

మందు కొట్టే వేళకు కూడా ఇది వర్తిస్తుందా? కలుపు మందు గ్లైఫోసేట్‌ను అరబిడాప్సిస్ మీద వాడిన 2019 నాటి అధ్యయనంలో, దాని ప్రభావం రోజులో వేళను బట్టి మారింది, తెల్లవారే వేళ ఎక్కువగా ఉంది, ఆ మార్పులో గడియారానికి పాత్ర ఉంది. దీన్ని పట్టుకొని వరికి శిలీంధ్రనాశినులను తెల్లవారుజామున కొట్టాలని చెప్పడం తొందరపాటు అవుతుంది. వరి పూత మీద ఉన్నప్పుడు ఉదయం తొమ్మిదికి అటూ ఇటూగా గింజల నోళ్లు విచ్చుకోవడం మొదలై మధ్యాహ్నానికి ముగుస్తుంది. ఆ వేళ మందు పడితే తాలు పెరుగుతుందని, మధ్యాహ్నం దాటాక కొట్టుకోవాలని రైతులకు చెప్పే సలహా గట్టి కారణం ఉన్నది. మంచుతో నిండిన ఆకు మీద కొట్టిన మందు పలచబడి కారిపోతుంది కూడా. గంట మార్చి చూడవలసిన చోటు ముందుగా పరిశోధనా క్షేత్రమే: పూతకు ముందు దశలో, ఒకే వంగడం, ఒకే మందు, ఒకే మోతాదు, ఒక మడికి తడి ఆరిన ఉదయం, మరో మడికి సాయంత్రం.